అద్దెచీటిలో లేని పద్దు

ఇంగ్లండులో జనవరి, ఫిబ్రవరి మాసములు చలికి మాత్రమే గాక పురపాలక సభల లెక్కలకును కాలము. పట్టణపు కౌన్సిలు తాను కట్టించి, తన సొత్తుగా నిలుపుకొని, సామాన్యజనులకు అద్దెకిచ్చిన యిండ్లకు రాబోవు సంవత్సరమున ఎంత అద్దె గైకొనవలెనో, ఆ ధనమును మరమ్మతులకెంత, సిబ్బందికెంత, అప్పుల వడ్డీకెంత వెచ్చింపవలెనో ఆ రెండు మాసములలో నిర్ణయించి, కనీసము నాలుగు వారములు ముందుగా ప్రతి యింటికిని చీటి పంపి, ఏప్రిల్ మొదటి సోమవారము నుండి క్రొత్త అద్దె వసూలు చేయ నారంభించును. చూచుట కిది గుమాస్తాలు చేయు కూడికలు తీసివేతల పనివలె తోచును గాని, ఒక నగరము తన పేదవారియెడ ఏమి తలంచుచున్నదో తెలిసికొనగోరువాడు ఆ నగరసభలోని యుపన్యాసములు వినుటకంటె ఆ పట్టికను చదువుటయే మేలని నా నమ్మకము.

2026 ఫిబ్రవరిలో మధ్య ఇంగ్లండునందలి యొక పట్టణమున నా చిరకాలమిత్రుని యింట కొన్ని దినము లుంటిని. ఆయన గోదావరీతీరము నుండి యౌవనముననే వచ్చి, అచటి కౌన్సిలు లెక్కల విభాగమున ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి గొన్నవాడు. ఆయన చెల్లెలి కుమార్తె ఆ దేశముననే పుట్టి పెరిగినను అమ్మమ్మ యొడిలో తెలుగు నేర్చినది. రెండేండ్ల క్రిందట అదే కౌన్సిలుకు సభ్యురాలుగా ఎన్నికైనది. గురువారమునాడు అద్దెల తీర్మానము సభకు రానుండగా, ఆదివారము సాయంకాల మామె నివేదికను చంకబెట్టుకొని మేనమామ యింటికి వచ్చెను. వారి మాటలను జ్ఞాపకమున్నంత వఱ కిచట పొందుపఱచుచున్నాను.

మేనకోడలు : మామయ్యా, నివేదిక అంతయు రెండుసార్లు చదివితిని. అద్దెలు నూటికి 4.8 వంతున పెంపవలెనని అధికారుల సిఫారసు. కారణ మొక్క వాక్యములో ముగిసినది: గడచిన సెప్టెంబరులో ధరల సూచిక 3.8 పెరిగినది, దానిపై మరియొకటి చేర్చుకొనుటకు ప్రభుత్వము సెలవిచ్చినది, కావున 4.8. అనుమతి యున్నది గనుక అంతయు పుచ్చుకొందమనుట తప్ప, ఈ యిండ్లకు ఇంత ధనము ఏల కావలసివచ్చెనో ఆ పుటలలో నాకు కనబడలేదు. అది పరిమితియే గాని ఆజ్ఞ కాదు గదా! నేను వ్యతిరేకముగా చేయి యెత్తదలచితిని.

మామయ్య : తొందరపడకు తల్లీ. ఆ యొక్క వాక్యము వెనుక ఎంత యున్నదో చెప్పెదను. 1989 నాటి చట్టము ఇండ్ల ఖాతాకు చుట్టును కంచె వేసినది. హౌసింగ్ రెవిన్యూ అకౌంటని మే మనునది అదియే. పట్టణవాసులందరు చెల్లించు కౌన్సిల్ టాక్సునుండి పెన్నీయైన నందులోనికి రారాదు. అందలి పెన్నీ వీధిదీపములకు, గ్రంథాలయములకు పోరాదు. సంవత్సరాంతమున ఆ ఖాతా లోటున ముగియునట్లు బడ్జెట్టు వేయుటకే చట్టము సమ్మతింపదు. కావున ఆ యిండ్లకు అన్నమైనను ఔషధమైనను ఆ యిండ్ల అద్దెయే. ఖర్చులు నాలుగు పాళ్ళు: దినదినపు మరమ్మతులు, అద్దె వసూలు, తగవుల విచారణ మొదలైన నిర్వహణ, పాత అప్పులపై వడ్డీ, పైకప్పులు, బాయిలర్లు, లిఫ్టులు ముందెప్పుడో మార్చుటకు ఏటేట తీసిపెట్టు తరుగుదల ధనము. వారమునకు నూరు పౌండ్ల అద్దెగల యింటిపై నీవు కాదనునది 4 పౌండ్ల 80 పెన్నీలు. దానిని ఈ నాలుగింట దేనినుండి కోయుదువో చెప్పుము. వడ్డీని కోయలేవు. గుమాస్తాను తీసివేసితివా, ముసలమ్మ టెలిఫోను మ్రోగుచునే యుండును. మిగిలినవి మరమ్మతును, పైకప్పును.

మేనకోడలు : ఆ 4 పౌండ్ల 80 పెన్నీలు ఎవరి చేతినుండి వచ్చునో చూడుడు. సంవత్సరమునకది 249 పౌండ్ల 60 పెన్నీలు. ప్రభుత్వపు సహాయముచేత అద్దె పూర్తిగా చెల్లువారికి ఈ పెరుగుదల తగులదు. భారము ఖజానాపై బడును. కాని జీతము ఆ సహాయపు పరిమితికి కొంచెము పైనున్న వారు, జీవితమంతయు కూడబెట్టిన సొమ్ము 16,000 పౌండ్లు దాటిన పాపమునకు సహాయమునకు అనర్హులైన వృద్ధులు, ఒక గది ఎక్కువైనదని 2013 నుండి అద్దెలో నూటికి 14 వంతుల మేర సహాయమునకు కోత పడుచున్నవారు... ఎన్నికలనాడు నేను తలుపు తట్టినది వీరి యిండ్లనే. ఆసుపత్రిలో రాత్రివేళ నేల తుడుచు నొకామె నాతో, "జీతము పెరిగినదని సంతోషించులోపలనే మీ చీటి వచ్చును" అన్నది. ఆమెకు మీ నాలుగు పాళ్ళ పట్టిక చూపుమందురా?

మామయ్య : చూపవలసినదే. ఆమె యద్దె ఎక్కడికి పోవుచున్నదో తెలిసికొను హక్కు ఆమెకు లేదా?

ఇచట నొకమాట చెప్పుకొనవలెను. నా మిత్రుడు కఠినహృదయుడు కాడు. లెక్కలు సరిగా నుంచుటయే పేదవారికి తాను చేయగల సేవయని ముప్పది యేండ్లు నమ్మినవాడు. అట్టివారు లేనిచో దయగలవారి దయ ఒక్క సంవత్సరము కంటె నిలువదు.

మేనకోడలు : అయితే ఉన్నవారినుండి కొంత యెక్కువ, లేనివారినుండి తక్కువ తీసికొనరాదా?

మామయ్య : తీసికొని చూచినవాడున్నాడు. లీడ్సు నగరమున చార్లెస్ జెంకిన్సను అను నొక క్రైస్తవమతాచార్యుడుండెను. హోల్బెక్ అను పేదవాడలో ఆయన చర్చి. 1933లో కౌన్సిలు గృహనిర్మాణసమితికి అధ్యక్షుడై, మురికివాడలలోని వేలాది కుటుంబములను క్రొత్త యిండ్లకు తరలింప సంకల్పించెను. కొన్నాళ్ళకు వెలసిన క్వారీ హిల్ భవనములు ఆ సంకల్పఫలమే. మురికివాడ విడిచి వచ్చిన పేదవాడు క్రొత్త యింటి యద్దె కట్టలేక పిల్లల కూడు తగ్గించుట ఆయన కన్నులార చూచెను. కావున 1934లో కౌన్సిలు యిండ్లన్నిటికిని శక్త్యనుసారమైన అద్దెను ప్రవేశపెట్టెను. అంతవఱకు ప్రతి యింటికిని సమముగా అందుచుండిన సహాయధనమును ఒకచోట చేర్చి, అవసరమున్నవారికే పంచెను; ఏమియు లేనివాడు ఏమియు చెల్లింపనక్కరలేదు. న్యాయముగా లేదా? కాని కొంచెము సంపాదనగల అద్దెదారుల భారము పెరిగెను. ఇంటింటి యాదాయము అడిగి వ్రాసికొనుట వారికి అవమానముగా తోచెను. పొరుగువాని తగ్గింపు తన జేబునుండి పోవుచున్నదని పొరుగువాడు తలచెను. 1935 ఎన్నికలలో ఆయన పక్ష మధికారము కోల్పోయెను. ఒకే వీధివాసులను ఒకరికొకరు దాతయు యాచకుడునుగా చేసినచో స్నేహము మిగులదమ్మా.

మేనకోడలు : జెంకిన్సనుగారి దోషము ధర్మము తప్పుట కాదు మామయ్యా, ధర్మమును ఒక్క వీధికే పరిమితము చేయవలసివచ్చుట. పేదవాని తగ్గింపును ప్రక్కయింటి కూలివాడు మోయుటకంటె నగరమంతయు, దేశమంతయు మోయవలదా? ఆరంభమున అట్లే యుండెను గదా! 1915లో గ్లాస్గో నగరమున యుద్ధసమయమున యజమానులు అద్దెలు పెంపగా, మేరీ బార్బర్ మొదలైన స్త్రీలు అద్దె చెల్లింపమని వీధులలో నిలిచిరి. ఆ యేడాదియే ప్రభుత్వము అద్దెలకు కట్టుబాటు చేసెను. యుద్ధము ముగిసిన పిదప 1919లో అడిసను చట్టము వచ్చెను. కౌన్సిళ్ళు ఇండ్లు కట్టుటలో ఒక్క పెన్నీ స్థానికపన్ను రాబడిని మించి నష్టము వచ్చినచో ఆ నష్టము ఖజానాదే. 1924లో మంత్రి వీట్లీ, ఇంటికి ఏటేట 9 పౌండ్ల చొప్పున నలుబది యేండ్లు సహాయ మేర్పరచెను. ఇల్లు దేశపు కార్యమని వారి యభిప్రాయము. మీ కంచెలో నిపుడు అద్దెదారుడొక్కడే మిగిలినాడు. ఆ కంచెలోని మంచి యిండ్లనైన మిగిల్చిరా? 1980 చట్టము మొదలు ఇంగ్లండులో సుమారు ఇరువది లక్షల యిండ్లు తగ్గింపు ధరలకు విక్రయమైనవి. తోటలున్నవి, గట్టివి ముందుగా పోయినవి. ఎత్తైన మేడలు, తేమగోడలు ఖాతాలో నిలిచినవి. ఆ విక్రయధనములో అధికభాగము తిరిగి యిండ్లు కట్టుటకు రాలేదు. ఇల్లు పోయినను అప్పు పోలేదు. మిగిలినవారి యద్దెపై ఆ భారమంతయు మోపి, "దేనిని కోయుదువు?" అని నన్నడుగుట న్యాయమా?

మామయ్య : న్యాయమని నే ననలేదు. ఉన్నదానిని చెప్పితిని. అయినను నీవు నాకు తెలియని గాథ చెప్పుచున్నట్లు మాటలాడుచున్నావు. ఆ గాథలో కొన్ని పుటలు నా చేతితో వ్రాసినవే. 2012 మార్చి 28వ తేదీని నేను మఱువలేను. అంతకుముందు మన యద్దెల లెక్క అంతయు లండనులో తేలుచుండెను. మా పట్టణపు మిగులు మరియొక పట్టణమునకు పోవుచుండెను. ఆనాడు ఆ పద్ధతి రద్దై, ఒక్కొక్క కౌన్సిలుకు ముప్పది యేండ్ల యద్దెయెంత వచ్చును, ఖర్చెంత యగునని గణించి, కొందరిపై క్రొత్త అప్పు మోపి, కొందరి యప్పు తీర్చి, ఇకపై మీ యద్దె మీదే, మీ యిల్లు మీదే యనిరి. మాపై అప్పు పడినది. పడినను సంతోషించితిని. ముప్పది యేండ్ల పట్టిక వేసి, ఏ వీధి పైకప్పు ఏ సంవత్సరమున మార్చవలెనో వ్రాసికొంటిని. గృహస్థుడు బిడ్డ పెండ్లికి ముందుగా తీసిపెట్టునట్లు.

మేనకోడలు : తరువాత?

మామయ్య : తరువాత 2015 జులైలో ఖజానామంత్రి బడ్జెట్టు వచ్చెను. 2016 ఏప్రిల్ నుండి నాలుగేండ్లు ఏటేట నూటికి ఒకటి చొప్పున అద్దెలు తగ్గింపుడనిరి. అంతకు ఒక్క యేడాది ముందే, సూచికపై ఒకటి చేర్చి పదేండ్లు పెంచుకొనుడని చెప్పినవారే ఆ మాట మార్చిరి. నీవలె దయగలవారందరు సంతోషించిరి. నేను కాగితమున లెక్క వేసికొంటిని. నూరు పౌండ్ల యద్దె నాలుగేండ్లలో 96 పౌండ్ల 6 పెన్నీలైనది. మొదటి వాగ్దానమే నిలిచియున్నచో, ఆ నాలుగేండ్ల సూచికలను బట్టి, 110 పౌండ్ల 67 పెన్నీలై యుండవలెను. ఇంటికి వారమునకు పదునాలుగు పౌండ్లకు పైచిలుకు. అది నాలుగేండ్లతో పోయిన నష్టము కాదు, పునాదియే క్రుంగినది, ఆపైన ఎంత శాతము పెంచినను క్రుంగిన పునాదిపైననే. పిమ్మట 2022 సెప్టెంబరులో సూచిక 10.1కి చేరెను, 11.1 రావలసినచోట 7 దాటరాదని కట్టడి చేసిరి. ఆ కట్టడి లేనిచో జనులు బ్రతుకజాలరని నే నెఱుగుదును. కాని ఇటుకల ధర, వడ్రంగి కూలి 7 దగ్గర ఆగలేదు. అద్దెదారునియెడ జూపిన ప్రతి కరుణయు ఇంటినుండి తీసికొనినదే తల్లీ.

ఈ మాటల యనంతరము కొంతసేపు గదిలో నిశ్శబ్దము నిండెను. ఆమె నివేదికను మూసి, మరల తెఱచి, ఏదియో వెదకుచున్నట్లు పుటలు త్రిప్పెను. ఇటుపై ఆమె యడిగిన ప్రశ్నయే ఆనాటి సంవాదమునకు మూలకందమని నా యభిప్రాయము.

మేనకోడలు : మామయ్యా, ఆ నాలుగేండ్లలో ధనము తగ్గినప్పుడు మీ రేమి చేసితిరి? కౌన్సిలు అని కాదు. మీరు, ఆ బల్లయొద్ద కూర్చుండి.

మామయ్య : ఏమి చేయుదును? పట్టిక సరిచేసితిని. కిటికీలకు అయిదేండ్ల కొకసారి రంగు వేయుట యుండెను, ఎనిమిదేండ్లు చేసితిని. వంటగది ఇరువది యేండ్లలో మార్చదగినది, ముప్పది వ్రాసితిని. మూడు మేడల పైకప్పు ఒకటి రెండేండ్లలో మార్చవలసినది, దూరము జరిపితిని. ఒక నిలువు వరుసలో కొన్ని యంకెలు మార్చగా ఖాతా లోటు లేకుండ ముగిసెను. సభ ఏకగ్రీవముగా ఆమోదించెను.

మేనకోడలు : ఆ మేడలలోనివారికి చీటి పంపితిరా?

మామయ్య : దానికి చీటి యెందులకు?

మేనకోడలు : అద్దె పది పెన్నీలు పెంచినను నాలుగు వారములు ముందుగా వ్రాసి తెలుపవలెనని చట్టమున్నది. పైకప్పును పదేండ్లు వాయిదా వేయుటకు ఎవరికిని చెప్పనక్కరలేదా? ఆ మూడు మేడలలో రెండు నా వార్డులోనివే. అయిదవ యంతస్తులో నొక తల్లి బిడ్డ మంచమును గోడకు దూరముగా గది నడుమకు లాగి పరుండబెట్టుచున్నది. గోడపై నల్లని బూజు. మీ సిబ్బంది ఆమెకు కిటికీ తెఱచి యుంచుమని సలహా యిచ్చిరి. వాయిదా సంగతి ఆమె కెవ్వరును చెప్పలేదు. తన యింటి తేమకు తన వంటయే కారణమని నమ్మియున్నది.

మామయ్య : ...

మేనకోడలు : 2020 డిసెంబరులో రాచ్‌డేలులో రెండేండ్ల పసివాడు ఇట్టి బూజు వలననే మరణించెను. అది కౌన్సిలు ఇల్లు కాదు, గృహసంఘమువారిది. బూజునకు మాత్రము ఆ భేదము లేదు. ఆ బిడ్డ పేరిటనే వచ్చిన కట్టుబాట్లు గడచిన అక్టోబరు నుండి అమలులోనికి వచ్చినవి గదా: ప్రాణాపాయమైనచో ఇరువదినాలుగు గంటలలో, ప్రమాదకరమైన తేమ బూజులైనచో పది పనిదినములలో వచ్చి చూడవలెనని.

మామయ్య : ఆ కట్టుబాట్లకును ధనము కావలెను. ఆ ధనమునకే ఈ 4.8. నీవు నావైపు వాదించుచున్నావని గ్రహించితివా?

మేనకోడలు : గ్రహించితిని. పెంపువలదనుటలో నా నిశ్చయము ఇందాకటి యంత దృఢముగా లేదని యొప్పుకొనెదను. కాని పెంపు ఇందులకేయని నమ్ముట యెట్లు? నివేదికలో ఖాళీ యిండ్ల పట్టిక చూచితిని. అద్దెదారుడు వెడలిన యింటికి తాళము పడి, బాగుచేసి మరల ఇచ్చుటకు వారములకు వారములు గడచుచున్నవి.

మామయ్య : అది నిజము, అచట నీవు గట్టిగా పట్టుకొనుము. నూరు పౌండ్ల యిల్లు ఎనిమిది వారములు ఊరకయున్నచో 800 పౌండ్లు పోయినవి. నీవు చెప్పిన 249 పౌండ్ల 60 పెన్నీలను మూడిండ్లనుండి సంవత్సరమంతయు వసూలుచేసినను ఆ యొక్క తాళమునకు చాలదు. ఆ సంగతిని నేను ప్రతి సంవత్సరము వ్రాయుచుంటిని; ఎవరును చదువలేదు. కాని తాళము లన్నియు తీసినను పైకప్పుకు సరిపడు ధనము రాదు. ఈ పెంపును నిరాకరించి సభ లోటు బడ్జెట్టు వేసినదనుకొనుము. 1972లో క్లే క్రాసు పట్టణపు పదునొకండుగురు సభ్యులు చట్టము చెప్పిన అద్దె పెంపును అమలుపరుప నిరాకరించిరి. ఆ ధనమును వారి సొంత సొమ్మునుండి కట్టుమని విధించి, పదవులకు అనర్హులను చేసిరి. వారు ధీరులే, కాదనను. కాని వారి త్యాగముచేత ఒక్క గోడయైన నారినదా?

మేనకోడలు : వారిని నేను తలవంచి స్మరింతును. అయినను నేను లోటు బడ్జెట్టు కోరుట లేదు. అద్దెదారునికి పోవు చీటిలో రెండు పంక్తులు చేర్పుమని కోరుచున్నాను. "మీ యద్దె ఇంత పెరుగును" అన్న పంక్తి క్రింద, "మీ యింటికి ఈ సంవత్సరము చేయవలసియుండి వాయిదా వేసిన పని యిది; మరల చేయదలచిన సంవత్సర మిది" అని.

మామయ్య : న్యాయశాఖవారు ఒప్పుకొనరు. ఒప్పుకొన్నను అది చదివినవాడు అద్దె సంతోషముగా చెల్లించునా?

మేనకోడలు : ఇపుడు సంతోషముగా చెల్లించుచున్నారా?

మామయ్య : తెలంగాణములో ప్రభుత్వము రెండు పడకగదుల యిండ్లు కట్టి పేదలకు ఉచితముగా నిచ్చినదని పత్రికలలో చదివినపుడు నాకు సంతోషమైనది. వెంటనే గుమాస్తాబుద్ధి మేల్కొన్నది: ఆ మేడలలో లిఫ్టు ఆగిననాడు, నీటితొట్టి పగిలిననాడు ఏ ఖాతానుండి తీయుదురని. అద్దె యున్నచోట అడుగుటకొక ఖాతాయైన నుండును. ఆ ఖాతాపై నమ్మకము చెడినచో ఏమి మిగులునో యని నా భయము.

మేనకోడలు : నమ్మకము చెడునది వ్రాసినందున కాదు మామయ్యా, ఆ తల్లి ఏడెనిమిదేండ్ల తరువాత నావంటి దాని నోట వినినందున చెడును.

నా మిత్రుడు లేచి కిటికీయొద్దకు పోయి కొంతసేపు నిలిచెను. చీకటి పడినది, ఎదుటి వీధిలోని మేడల దీపములు ఒక్కొక్కటిగా వెలుగుచుండెను. ఆయన మరల వచ్చి, కండ్లద్దములు తుడిచికొని, నివేదిక చివరనున్న అనుబంధమును తెఱచి, వ్రేలు పంక్తులపై నడపుచు ఒకచోట ఆగెను.

మామయ్య : ఇదిగో. ఆ మూడు మేడల పైకప్పు. "రీప్రొఫైల్ చేయబడినది" అని వ్రాసిరి.

మేనకోడలు : ఆ మాట నేను చదివితిని. ధనము పెంచిరేమో యనుకొంటిని.

మామయ్య : కాదమ్మా. వాయిదా యని యర్థము. ఆ మాట మా విభాగములో వాడుకకు తెచ్చినవారిలో నేనును ఒకడను. అద్దె పెంపుకు నీవు సమ్మతింపవలెననియే నేనిప్పటికిని అందును. కాని...

ఆయన మాట పూర్తిచేయక, నమూనాగా జతపఱచిన అద్దెచీటిని ముందుకు లాగికొని, క్రొత్త అద్దెను తెలుపు పంక్తికి దిగువనున్న తెల్లని జాగాలో కలముతో వ్రాయ నారంభించెను. "మీ మేడ పైకప్పు పునర్నిర్మాణము మరికొంతకాలము..." అని మొదలిడగా, ఆమె వంగి చూచి ఆయన చేతిపై తన చేయి యుంచెను.

మేనకోడలు : సంవత్సరమును వ్రాయుడు మామయ్యా. అద్దెను అంకెలలో వ్రాసిరి గదా, అదియును అంకెలలోనే వ్రాయుడు.